ఉగాది సంచికలు, ఔషధ వ్యాపారం: తెలుగులో కంటెంట్ మార్కెటింగ్ పూర్వ చరిత్ర

ఒక వ్యాపార సంస్థ తన సరకును నేరుగా పొగడకుండా, కొనేవారికి పనికివచ్చే సమాచారాన్నో వినోదాన్నో క్రమం తప్పకుండా అందిస్తూ, ఆ పరిచయంతో గిరాకీ పెంచుకోవడాన్ని నేడు కంటెంట్ మార్కెటింగ్ అంటున్నారు. పేరు కొత్తదే గాని పద్ధతి పాతది. అమెరికాలో వ్యవసాయ పనిముట్లు తయారుచేసే జాన్ డీర్ సంస్థ 1895లో రైతుల కోసం ‘ది ఫరో’ అనే పత్రిక ప్రారంభించింది. ఫ్రాన్సులో టైర్ల కంపెనీ మిషెలిన్ 1900లో వాహనదారులకు దారి చూపే పుస్తకం వేసింది. వాణిజ్య శాస్త్ర గ్రంథాలు సాధారణంగా ఈ రెండు ఉదాహరణలతో సరిపెట్టుకుంటాయి. తెలుగువారి అనుభవం వాటికి తీసిపోయేది కాదు. పైగా మనకు కొత్త సంవత్సరం ప్రణాళిక అన్నది ఉగాదితో ముడిపడి ఉంది కనుక, ఈ భాగంలో ఆ కథనే చూద్దాం.

అమృతాంజనం నుంచి ఆంధ్రపత్రికకు

కృష్ణా జిల్లాకు చెందిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. తలనొప్పికి రాసుకునే మందును ముక్కూ ముఖం తెలియని ఊళ్లో అమ్మడం తేలిక కాదు. సంగీత సభలకు వచ్చినవారికి ఆయన ఉచితంగా నమూనాలు పంచేవారు. గంటల తరబడి జనం ఒకచోట కూర్చునే సందర్భం అది. మందు వాడి చూడటానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ అన్న మూడు ప్రశ్నలకు ఆయన ముందే జవాబు వెతికిపెట్టుకున్నారన్నమాట.

1908 సెప్టెంబరు 9న బొంబాయిలోనే ‘ఆంధ్రపత్రిక’ వారపత్రికగా వెలువడింది. 1914 ఏప్రిల్ 1న, ఆనంద నామ సంవత్సర ఉగాది దాటిన కొద్ది రోజులకే, మద్రాసులో దినపత్రికగా మారింది. 1924 జనవరిలో ‘భారతి’ సాహిత్య మాసపత్రిక వచ్చింది. వీటిని మందు అమ్మకం కోసమే పెట్టారనడం పొరపాటు. నిజానికి డబ్బు ప్రవాహం చాలాకాలం ఎదురుదిశలో సాగింది: అమృతాంజనం ఆదాయం పత్రికలను నిలబెట్టింది. అయితే పత్రిక చదివే ఇంటికీ అమృతాంజనం సీసా ఉండే ఇంటికీ మధ్య ఏర్పడిన నమ్మకం రెండింటికీ మేలు చేసిందని గ్రహించాలి.

ఆంధ్రపత్రిక ఉగాది సంచికలను ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. చరిత్ర, సాహిత్యం, కళలు, ప్రముఖుల చిత్రపటాలు, వాటి పక్కనే ప్రకటనలు. ఏడాదికొకసారి వచ్చే ఈ సంచికను పాఠకులు దాచుకునేవారు. ప్రకటనదారుకు ఇది చిన్న లాభం కాదు. దినపత్రికలో వేసిన ప్రకటన మర్నాటికి పొట్లం కడుతుంది, సంవత్సరాది సంచికలోనిది ఏడాది పొడవునా ఇంట్లో ఉంటుంది. ఇలాంటి సంచిక ఉగాది నాటికి చేతికి రావాలంటే పండితులను వ్యాసాలు అడగడం, బొమ్మలకు బ్లాకులు చేయించడం, కాగితం తెప్పించడం నెలల ముందే మొదలుకావాలి. పండుగ తేదీ ఎవరి కోసమూ జరగదు!

గృహలక్ష్మి: ఎవరి కోసం రాస్తున్నామో తెలిసిన పత్రిక

మద్రాసులో కేసరి కుటీరం అధిపతి డాక్టర్ కె.ఎన్. కేసరి స్త్రీల రుగ్మతలకు ‘లోధ్ర’ అనే ఔషధాన్ని అమ్మేవారు. 1928లో ఆయన ‘గృహలక్ష్మి’ మాసపత్రిక స్థాపించారు. మందు కొనేదీ స్త్రీలే, పత్రిక చదివేదీ స్త్రీలే. కంటెంట్ మార్కెటింగ్ నిర్వచనానికి తెలుగులో ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదని ఈ రచయిత అభిప్రాయం. 1934 నుంచి రచయిత్రులకు గృహలక్ష్మి స్వర్ణకంకణం ఇచ్చారు. మొదటి కంకణం కనుపర్తి వరలక్ష్మమ్మకు దక్కింది. పాఠకురాలు రచయిత్రి కావచ్చు, రచయిత్రికి గౌరవం దక్కవచ్చు అన్న ఆశ పత్రికకూ చదువరులకూ ఉన్న బంధాన్ని గట్టిపరిచింది.

ఇక్కడ చరిత్ర విద్యార్థి ఒక ఇబ్బందికరమైన ప్రశ్న వేసుకోవాలి. ఆరోగ్యం గురించి చెప్పేవారే మందు కూడా అమ్ముతుంటే, ఆ సలహాను ఎంతవరకు నమ్మాలి? ఇంటి గడప దాటడం, వైద్యుడికి బాధ చెప్పుకోవడం కష్టమైన రోజుల్లో అచ్చులో ఉన్న మాటే చాలామంది స్త్రీలకు ఆధారం. స్త్రీ విద్యకూ రచనకూ చోటిచ్చిన పత్రికల మేలును కాదనలేం. కాని ఆ కాలపు ఔషధ ప్రకటనల్లో అతిశయోక్తి విపరీతంగా ఉండేదన్నదీ నిజమే. స్వాతంత్ర్యం తరువాత 1954లో ఔషధాల అభ్యంతరకర ప్రకటనలను నియంత్రించే కేంద్ర చట్టం వచ్చింది. ఋతు సంబంధ రుగ్మతలను నయం చేస్తామనే ప్రకటనలను కూడా అది నిషేధించింది. కనుక పాత పత్రికలను ఆధారంగా తీసుకునేటప్పుడు వ్యాసాన్నీ దాని ఎదుటి పేజీలోని ప్రకటననూ కలిపి చదవండి.

మన ప్రాంతం నుంచి

నిజాం రాష్ట్రంలో పరిస్థితి వేరు. ఉర్దూ రాజభాషగా ఉన్నచోట తెలుగులో పత్రిక నడపడమే సాహసం. 1922లో ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు ‘తెనుగు’ పత్రిక వెలువరించారు. ఒక పల్లెలో అచ్చుయంత్రం పెట్టి రాయడం నుంచి ముద్రణ దాకా తామే చూసుకున్నారు. వారికి అమ్ముకోవడానికి అమృతాంజనం లాంటి సరకు లేదు. పత్రికకు అండగా నిలిచే వ్యాపారం లేకపోతే ఎంత పట్టుదల ఉన్నా ఎక్కువకాలం నడపడం కష్టం.

1926లో సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాదులో ‘గోలకొండ పత్రిక’ స్థాపించారు. తెలంగాణలో కవులు లేరన్న నిందకు జవాబుగా 1934లో 354 మంది కవుల రచనలతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. ఒక ప్రశ్నను ఎంచుకుని, దానికి తగిన సామగ్రిని ఊరూరి నుంచి సేకరించి, ఒకే సంచికగా నిలబెట్టిన తీరు ప్రణాళిక అన్న మాటకు మంచి నమూనా.

మద్రాసు పత్రికలు మన వైపుకు చేరడానికి రైలు తోడ్పడింది. సికింద్రాబాద్ నుంచి వరంగల్లు దాకా 1886లోనూ, బెజవాడ దాకా 1889లోనూ దారి పడింది. స్టేషన్ ఘన్‌పూర్ పేరులోనే ఆ దారి గుర్తు ఉంది. (భూపాలపల్లి వైపు కోటగుళ్లు ఉన్న ఘనపూర్ వేరు.) రైలూ తపాలా కలిసి పల్లె పాఠకుడికీ పట్నం వ్యాపారికీ లంకె వేశాయి. పాఠకుల ఉత్తరాలు, చందాల పునరుద్ధరణ, వి.పి.పి. ఆర్డర్లు: ఏ శీర్షిక పనిచేసిందో, ఏది వృథా అయిందో తెలుసుకోవడానికి అప్పటివారికి ఉన్న కొలబద్దలు అవే. ఏడాది చివర ఆ లెక్క చూసుకుంటేనే వచ్చే ఏటి సంచికలో ఏం మార్చాలో తేలేది.

అభ్యాసం

మీ ఊరిలోని విత్తనాల దుకాణాన్నో, బట్టల దుకాణాన్నో తీసుకోండి. దాని వ్యాపార సంవత్సరం జనవరితో మొదలుకాదు. విత్తనాల దుకాణానికి జూన్‌లో వచ్చే మృగశిర కార్తె ముఖ్యం కాబట్టి రైతుకు చెప్పదగిన విషయాలు ఏప్రిల్ నాటికే సిద్ధం కావాలి. బట్టల దుకాణానికి బతుకమ్మ, దసరా. ఆ దుకాణం గత ఏడాది పంచిన కరపత్రాలు, క్యాలెండర్లు, వాట్సాప్ సందేశాలు సేకరించండి. వాటిలో కొనేవారికి పనికివచ్చే మాట ఎంత, సరకు పొగడ్త ఎంత? వాటిని చూసి వచ్చామని చెప్పినవారు ఎందరో యజమానిని అడగండి. మీరు గమనించిన వాటిని ఆంధ్రపత్రిక ఉగాది సంచికతో గాని, గృహలక్ష్మితో గాని పోల్చుతూ రెండు పుటల్లో రాయండి.