నాంపల్లి వకీళ్లు, చమురు కేసులు

తెలంగాణలో చమురు బావి లేదు. అయినా హైదరాబాద్ వకీళ్లకు చమురు కేసుల కొరత ఎన్నడూ రాలేదు. సముద్రగర్భంలో ఎవరి వాటా ఎంత అని వాదించే లాయర్లు ఢిల్లీలో, ముంబైలో ఉంటారు. మన దగ్గర ఆ వృత్తి నేల చుట్టూ, పన్ను చుట్టూ, పోలీసు పంచనామా చుట్టూ పెరిగింది. దాని చరిత్ర రాయాలంటే బంకు నుంచే మొదలుపెట్టాలి.

స్వాతంత్ర్యం తర్వాత రెండు మూడు దశాబ్దాల పాటు బర్మాషెల్, ఎస్సో, కాల్టెక్స్ కంపెనీలు ఊళ్లలో మంచి మూల స్థలాలు చూసి, ఏళ్ల తరబడి లీజుకు తీసుకుని బంకులు పెట్టాయి. కేంద్రం 1974లో ఎస్సోను, 1976లో బర్మాషెల్‌ను, 1977లో కాల్టెక్స్‌ను చట్టాలు చేసి స్వాధీనం చేసుకుంది. హెచ్‌పీసీఎల్, బీపీసీఎల్ అలా వచ్చినవే. ఆ చట్టాల్లో పెద్దగా ఎవరి దృష్టీ పడని ఒక సెక్షన్ ఉంది. పాత లీజు గడువు తీరినా, ప్రభుత్వం కోరుకుంటే అవే షరతులతో మళ్లీ కొనసాగుతుందన్నది దాని సారం. అద్దె కూడా షరతే కదా! చుట్టూ మార్కెట్ ధర ఆకాశానికి ఎగబాకినా బంకు కింది స్థలానికి మాత్రం పాత అద్దే. స్థలం యజమానులు కోర్టుకెక్కారు.

ఈ తగాదాల్లో హైదరాబాద్‌కు ప్రత్యేక స్థానం ఉంది. నగరంలోని ఒక బంకు స్థలాన్ని యజమానులు వెనక్కి అడిగితే, రాష్ట్ర ప్రభుత్వం అదే స్థలాన్ని హెచ్‌పీసీఎల్ కోసం భూసేకరణ కింద తీసుకోబోయింది. అభ్యంతరాలు వినడం కేవలం తంతు కాదని, ఆ హక్కు విలువైనదని సుప్రీంకోర్టు 2005లో తేల్చి చెప్పింది. ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన మరో కేసులో 2007లో ఇంకో మాట అంది: లీజు పొడిగించే అధికారం ఉన్నంత మాత్రాన ప్రభుత్వరంగ కంపెనీ ఇష్టారాజ్యంగా వాడుకోవడానికి వీల్లేదు, ఆ నిర్ణయం న్యాయంగా, సహేతుకంగా ఉండాలి. నా లెక్కలో మన ప్రాంతం చమురు న్యాయశాస్త్రానికి చేర్చిన అసలు సొమ్ము ఇదే. దీని గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు.

సివిల్ వైపు స్థలం తగాదాలు నడుస్తుంటే, నాంపల్లి క్రిమినల్ కోర్టులకు వచ్చే చమురు వేరు. కల్తీ పెట్రోలు, డీజిల్లో కలిపిన రేషన్ నీలి కిరోసిన్, హోటల్ పొయ్యి కింద దొరికిన ఇంటి గ్యాస్ సిలిండర్. వీటన్నిటికీ మూలం 1955 నిత్యావసర సరుకుల చట్టం. పట్టుకున్న సరుకును జప్తు చేసే అధికారం కలెక్టర్‌ది, శిక్ష వేసే అధికారం కోర్టుది. కాబట్టి వకీలు ఒక కాలు ఆబిడ్స్ కలెక్టరేట్‌లో, ఒక కాలు నాంపల్లిలో పెట్టాల్సి వచ్చేది. వాదనంతా శాంపిల్ మీదే. డబ్బా శుభ్రంగా ఉందా, సీలు ఎవరి ఎదుట వేశారు, డీలర్‌కు ఒకటి ఇచ్చారా, పది రోజుల్లోపు ల్యాబ్‌కు వెళ్లిందా, 15 డిగ్రీల దగ్గర లెక్కించిన సాంద్రత రికార్డుకు మూడు యూనిట్లకు మించి తేడా వచ్చిందా... పంచనామా రాసిన ఇన్‌స్పెక్టర్‌ను బోనులో నిలబెట్టి ఈ ప్రశ్నలు వరసగా అడగగలిగినవాడే గట్టి లాయరు. ఇక్కడ ఒక చిత్రం: బంకు పెట్టడానికి కావలసిన ఎన్ఓసీ జిల్లాల్లో కలెక్టర్ ఇస్తాడు, పోలీసు కమిషనర్ ఉన్న నగరంలో మాత్రం ఆ అధికారం పోలీసులదే. కలెక్టరేట్ పక్కనే ఉన్నా ఆ ఫైలు అటు వెళ్లదు.

కృష్ణా గోదావరి బేసిన్ వచ్చాక ఈ వృత్తి రంగు మారింది. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో ఓఎన్జీసీ బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరంలో (ఇది కోనసీమ ఊరు, మన నగరం కాదు) గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఈ రెండు తేదీలకు మధ్యా, వాటికి ముందూ వెనకా, వార్తలకెక్కని చిన్న కేసులు లెక్కలేనన్ని. పైపులైను పొలంలోంచి వెళితే ఏమవుతుంది? 1962 నాటి చట్టం ప్రకారం భూమి రైతుదే, పైపు వేసుకునే హక్కు మాత్రం కంపెనీది. నోటీసు వచ్చిన 21 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవాలి. ఆ తర్వాత ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. బదులుగా మార్కెట్ విలువలో పదో వంతు, పంట నష్టం అదనం. కొబ్బరి చెట్టే ఆస్తిగా బతికే కోనసీమ రైతుకు, ఇక మీదట అక్కడ కొబ్బరి మొక్క నాటకూడదంటే పదో వంతు ఏ మూలకు? పరిహారం చాలకపోతే జిల్లా జడ్జి దగ్గరికి, నోటీసే చెల్లదంటే హైకోర్టుకు రిట్.

ఆ హైకోర్టు అప్పట్లో హైదరాబాద్‌లో, మూసీ ఒడ్డున. రాజమండ్రిలోనో సామర్లకోటలోనో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్లకు చివరి స్టేషను నాంపల్లే. పాసుపుస్తకాల కట్టతో దిగి, దగ్గర్లో గది చూసుకుని, వకాలత్ మీద సంతకం పెట్టి, ఏరు దాటి కోర్టుకు వెళ్లడం గోదావరి కక్షిదారుకు అలవాటైన దారి. చమురు చట్టం చదవని వకీళ్లు కూడా ఈ రైతుల వల్లే ఆ చట్టాన్ని నేర్చుకున్నారు.

పెద్ద ఒప్పందాలు మాత్రం వాళ్ల చేతికి చిక్కలేదు. కేజీ-డీ6 బ్లాకు ఒప్పందం 2000లో కేంద్రంతో కుదిరింది, 2009లో గ్యాస్ వచ్చింది. ధర 2.34 డాలర్లా, 4.20 డాలర్లా అని అంబానీ సోదరుల మధ్య నడిచిన దావాను సుప్రీంకోర్టు 2010 మే 7న తేల్చింది. గ్యాస్ మనది, వాదన ముంబై నుంచి ఢిల్లీకి. అందులో హైదరాబాద్ వాసన ఒక్కచోటే ఉంది: ఈ హైకోర్టులోనే వకీలుగా ఎదిగి, 1995లో ఇక్కడే జడ్జి అయిన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి ఆ ధర్మాసనంలో కూర్చుని ప్రత్యేక తీర్పు రాశారు. సహజ సంపద ప్రజలదనే వాదం ఆయన తీర్పుకు వెన్నెముక. ఆ తర్వాత గ్యాస్ దిగుబడి పడిపోయింది. దాన్ని నమ్మి కట్టిన గోదావరి జిల్లాల విద్యుత్ కేంద్రాలు మూతపడ్డాయి, కోనసీమ గ్యాస్ పవర్ వంటివి దివాలా దారి పట్టాయి. చమురు వకీలు కాస్తా దివాలా వకీలయ్యాడు.

2019 జనవరి 1న హైకోర్టు రెండయ్యాక కోనసీమ కాగితాలు అమరావతికి వెళ్లాయి. నాంపల్లికి మిగిలింది పన్ను. పన్నుల గొడవ చిన్నదేమీ కాదు. గోదావరి తీరంలోని గాడిమొగలో చేతులు మారి పైపులో ఉత్తరాదికి పోయిన కేజీ-డీ6 గ్యాస్ మీద మాకూ పన్ను రావాలని ఉత్తరప్రదేశ్ పట్టుబడితే, అలహాబాద్ హైకోర్టు 2012లో కాదంది. 2017లో జీఎస్టీ వచ్చినా ముడి చమురు, పెట్రోలు, డీజిల్, సహజవాయువు, విమాన ఇంధనం బయటే ఉండిపోయాయి. తెలంగాణ పెట్రోలుపై 35.2 శాతం, డీజిల్‌పై 27 శాతం వ్యాట్ వేస్తోంది. మిగతా సరుకుల వాళ్లంతా జీఎస్టీ పోర్టల్‌కు మారితే, ఈ ఐదు సరుకుల వాళ్లకు పాత వ్యాట్ చట్టమే దిక్కు. వాళ్ల అసెస్‌మెంట్ ఆర్డర్లు, అప్పీళ్లు పట్టుకుని వకీళ్లు ఇప్పటికీ నాంపల్లి వాణిజ్య పన్నుల కాంప్లెక్సు మెట్లెక్కుతూనే ఉన్నారు. వీటిని జీఎస్టీలోకి తెచ్చే తేదీ కౌన్సిల్ చెప్పాలి. 2021 సెప్టెంబరులో లక్నో సమావేశంలో ఆ ప్రస్తావన వచ్చింది, ఇది సమయం కాదని పక్కన పెట్టారు.