మాదీఫలం

మాదీఫలం నిమ్మజాతికి చెందిన చిన్న ముళ్ల చెట్టు, దాని పండు. శాస్త్రీయనామం సిట్రస్ మెడికా. తెలుగునాట దీన్ని దబ్బ అనీ అంటారు. అయితే ఆ పేరు మరికొన్ని పెద్ద నిమ్మరకాలకూ వాడుకలో ఉంది. తోలు గడ్డలుగడ్డలుగా ఉంటుంది. కోస్తే లోపల చాలావరకు దళసరి తెల్లని పొరే, రసం స్వల్పం. లెమన్ అని పిలిచే నిమ్మ దీనికీ పుల్లనారింజకూ పుట్టిన సంకరం.

పేర్లు

అమరకోశం దీనికి ఫలపూరం, బీజపూరం, రుచకం, మాతులుంగకం అనే పర్యాయాలు చెబుతుంది. బీజపూరమంటే గింజలతో నిండినది. 'మెడికా' అన్నది మందును బట్టి వచ్చిన పేరనుకోవడం పొరబాటు. అది ఇరాన్ వాయవ్య భాగాన ఉండిన మీడియా దేశాన్ని సూచిస్తుంది. పండు పుట్టిల్లు హిమాలయ పాదప్రాంతాలు. గ్రీకులకు పర్షియా మీదుగా అందింది కనుక దారిలోని దేశం పేరే దానికి స్థిరపడింది. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఆ పేరునే ఖాయం చేశాడు.

చరిత్ర

క్రీ.పూ. 4వ శతాబ్ది చివర గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ దీన్ని 'మీడియా లేక పర్షియా ఆపిల్' అని నిశితంగా వర్ణించాడు. ఈ పండును తినరనీ, బట్టల మధ్య పెడితే చిమ్మటలు పట్టవనీ, విషం మింగినవారికి ద్రాక్షసారాలో కలిపి ఇస్తే కక్కిస్తుందనీ రాశాడు. జెరూసలేం సమీపాన రామత్ రాహేల్‌లో, పర్షియన్ల ఏలుబడి నాటి ఉద్యానపు గచ్చుపూతలో దీని పుప్పొడి దొరికింది.

యూదులు దీన్ని ఎత్రోగ్ అంటారు. సుక్కోత్ పండుగలో చేతపట్టే నాలుగు వృక్షజాతుల్లో ఇదొకటి. యూదయ రాజు అలెగ్జాండర్ జన్నేయస్ (క్రీ.పూ. 103–76) ఆ పండుగనాడు బలిపీఠం దగ్గర నిలబడగా జనం ఈ పండ్లతోనే కొట్టారనీ, అతడు ఆరువేల మందిని చంపించాడనీ యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. రోమ్‌పై తిరుగుబాటు చేసిన యూదులు నాలుగో ఏట (క్రీ.శ. 69–70) ముద్రించిన కంచు నాణేలపై ఎత్రోగ్ బొమ్మ కనిపిస్తుంది. నేటికీ కొనేవారు పండు కొననున్న చిన్న మొనను జాగ్రత్తగా పరీక్షిస్తారు. అది విరిగితే పండు పూజకు పనికిరాదు.

మధ్యయుగాల్లో సాగు మధ్యధరా తీరాల్లో కొనసాగింది. ఇటలీలోని కలబ్రియా నేటికీ ఎత్రోగ్‌కు పేరుపొందినది.

భారతదేశంలో

కొల్హాపూర్ మహాలక్ష్మి కుడిచేత, లకులీశ శివుని చేత మాతులుంగం కనిపిస్తుంది. ఆయుర్వేదంలోనూ దీనికి చోటుంది. దబ్బకాయతో ఊరగాయ, పులిహోర చేయడం, మేని పసిమిని దబ్బపండుతో పోల్చడం తెలుగువారికి అలవాటు.