దయ, హక్కు, గోదాము

2019 వేసవిలో మాస్కోలోని పుష్కిన్ మ్యూజియం తన ఇంప్రెషనిస్టు సంపదలో పెద్దభాగాన్ని షుకిన్ సేకరణ పేరుతో ఘనంగా ప్రదర్శించింది. నేను మాస్కో వెళ్లలేదు. అచ్చుబొమ్మలే తరగతిలో చూపాను. ఒక విద్యార్థి అడిగాడు: “మాస్టారూ, బట్టల వ్యాపారి కొన్న బొమ్మలతో ప్రజలకేం పని?”

ప్రశ్న న్యాయమైనదే. జవాబు చరిత్రలో వెతకాలి.

1874లో పారిస్‌లో మోనే, పిస్సారో, దెగా మొదలైనవారు ప్రభుత్వ సలాన్‌తో నిమిత్తం లేకుండా, నాదార్ అనే ఫొటోగ్రాఫరు పాత స్టూడియోలో తమ చిత్రాలు తామే ప్రదర్శించుకున్నారు. లెరువా అనే విమర్శకుడు వెటకారంగా అంటించిన పేరే వారికి స్థిరపడింది. పురాణపురుషులు ఏలిన చిత్రకళలోకి వీరి చేతిమీదుగా నగరవీధి, రైల్వేస్టేషను, ఇస్త్రీపని చేసే స్త్రీ ప్రవేశించారు. పెద్దలు నవ్విన ఆ చిత్రాలనే మాస్కో వర్తకుడు సెర్గీ షుకిన్ 1890ల చివరినుంచి కొన్నాడు. విప్లవానికి ముందే ఆదివారాల్లో తన భవనంలోకి జనాన్ని రానిచ్చేవాడు కూడా. అభిరుచి గలవాడే, సందేహం లేదు. అయినా అది యజమాని దయ. తలుపు మూసుకుంటే అడిగేవాడు లేడు.

1918లో లెనిన్ సంతకం చేసిన ఉత్తర్వు ఆ దయను హక్కుగా మార్చింది. షుకిన్ చిత్రాలు, ఆ వెనుకనే మొరోజొవ్ చిత్రాలు ప్రజల సొత్తయినాయి. తరువాత రెండూ కలిసి నవీన పాశ్చాత్య కళా మ్యూజియంగా ఏర్పడ్డాయి.

ఇన్నేళ్లుగా నా పాఠం ఇక్కడితో ముగిసేది. కాని చరిత్ర ఇక్కడ ముగియలేదు. 1948లో, స్టాలిన్ ప్రభుత్వంలో, బూర్జువా కళ అనీ, ఫార్మలిజం అనీ ముద్రవేసి ఆ మ్యూజియాన్నే మూసివేశారు. చిత్రాలను పుష్కిన్ మ్యూజియానికీ, లెనిన్‌గ్రాడు హెర్మిటేజికీ పంచారు. వాటిలో చాలా భాగం ఏళ్లతరబడి గోదాములో ఉండిపోయాయి. స్టాలిన్ మరణానంతరం, 1950లలో గాని క్రమంగా వెలుగు చూడలేదు.

రెండు ఉత్తర్వులూ ప్రజల పేరిటే వెలువడ్డాయి. మొదటిది తలుపు తెరిచింది, రెండవది మూసింది. అంటే హక్కు మళ్లీ దయగా మారింది, ఇచ్చే చెయ్యి మాత్రమే వేరు. చూసి మెచ్చుకోవడానికీ, చూసి కాదనడానికీ వీలులేని సొత్తు ప్రజలదెట్లా అవుతుంది?

ఆ విద్యార్థితో ఇదే అన్నాను. 1918ని కీర్తించి 1948ని దాటవేసిన ఉపాధ్యాయుణ్ణి నేనే గనుక, ఆత్మవిమర్శ నానుంచే మొదలుకావాలి. వచ్చే ఏడు రెండు తేదీలూ ఒకే పాఠంలో చెబుతాను.