ఆకాశంలో ఎర్త్ ఎక్కడిది?

మన ఇళ్లలో వాల్వు రేడియోలు మోగిన రోజులు పెన్షనరు మిత్రులకు గుర్తుండే ఉంటాయి. డాబా మీద రెండు వెదురు గడల మధ్య ఏరియల్, పెరట్లో ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన గోతిలోకి ఎర్త్ తీగ. గొయ్యి ఎండితే రేడియోలో గరగర. అందుకని మా నాన్నగారు రోజూ ఒక చెంబెడు నీళ్లు పోయించేవారు. మరి నేలే లేని విమానంలో ఎర్త్ ఎలా ఇస్తారన్నది నా చిన్ననాటి సందేహం.

విమానం నుంచి తొలి రేడియో సందేశాన్ని 1910 ఆగస్టు 27న న్యూయార్కు వద్ద మెకర్డీ అనే ఆయన పంపారు. విమానపు లోహమే అక్కడ నేల. చెక్క, గుడ్డతో చేసిన విమానాల్లో ఇంజను, బిగింపు తీగలు, ఇతర లోహ భాగాలన్నిటినీ రాగితో ఒకదానికొకటి కలపాలి. లోహపు విమానమైతే ఏరియల్ మొదట్లో రంగు గీకి, లోహానికి లోహం తగిలేలా బిగించాలి. ఇప్పటి చిన్న విమానాలకు రెండడుగుల కడ్డీ చాలు. అప్పటి అలలు పొడవైనవి. 500 కిలోహెర్ట్జ్ అల పొడవు 600 మీటర్లు! అందుకే ఎగిరాక తోకలా తీగను కిందికి వదిలేవారు.

1937లో అమీలియా ఇయర్‌హార్ట్ భూప్రదక్షిణకు బయలుదేరారు. జూన్‌లో కరాచీ, కలకత్తాలలో కూడా దిగారు. ఆమె ఎలక్ట్రా విమానం ఒళ్లంతా అల్యూమినియమే కనుక ఎర్త్‌కు లోటు లేదు. లోటు తీగకు వచ్చింది. సుమారు 250 అడుగుల వేలాడే తీగను మయామీలోనే తీసేశారు. వీపు మీద మిగిలిన తీగ 500 కిలోహెర్ట్జ్‌కు మరీ పొట్టిది. జులై 2న న్యూగినీలోని లే నుంచి హౌలాండ్ దీవికి నాలుగు వేల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. ఆ దీవి పొడవు రెండున్నర కిలోమీటర్లు కూడా లేదు! అక్కడ కాచుకున్న ఇటాస్కా ఓడలో దిశ కనిపెట్టే పరికరం పనిచేసేది ఆ 500 ప్రాంతంలోనే. ఆమె గొంతు ఓడలో బిగ్గరగా వినిపించింది. ఏ దిక్కు నుంచో తెలియలేదు. ఓడవారి మాటలు ఆమెకు వినబడలేదు.

తీగ ఒక్కటే కారణమని నేననను. ఆమెకూ, తోడున్న నూనన్‌కూ మోర్స్ అంతగా రాదు. ఆ 500 మీద ఓడలు మాట్లాడుకునేది మోర్స్‌లోనే. అయినా, ఉండవలసిన తీగ ఉంటే మరో దారి మిగిలేది కదా అనిపిస్తుంది.

కంటికైనా కనబడుతుందేమోనని ఓడవారు బాయిలర్ల నుంచి నల్లటి పొగ వదిలారు. తర్వాత రెండు వారాలకు పైగా సముద్రమంతా గాలించారు.