అహోబిల యాత్రకు ఏ కాలం అనుకూలం?

ఆళ్లగడ్డ: నల్లమలలో వెలసిన నవనారసింహులను దర్శించాలంటే భక్తితోపాటు కాలమెరిగి బయలుదేరడమూ అవసరమే. ఆళ్లగడ్డకు సుమారు 25 కి.మీ. దూరంలో దిగువ అహోబిలం, అక్కడికి 8 కి.మీ. దూరంలో ఎగువ అహోబిలం ఉన్నాయి. ఎగువ వరకు వాహనాలు వెళ్తాయి. జ్వాలా నరసింహుని సన్నిధికి, ఉగ్రస్తంభానికి మాత్రం బండలు, వాగుల మీదుగా కాలినడకే శరణ్యం.

శీతాకాలం: డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు యాత్రకు ఎంతో అనువైన సమయం. వేకువ చలికి శాలువా ఉంచుకోవాలి. సంక్రాంతి వేళ పార్వేట ఉత్సవాలు మొదలవుతాయి. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. ఆ రోజుల్లో వెళ్లేవారు బసను ముందే చూసుకోవాలి.

వేసవి: ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. తెల్లవారగానే నడక ప్రారంభించి మధ్యాహ్నానికల్లా తిరిగి రావాలి. నూలు దుస్తులు, టోపీ, సరిపడా తాగునీరు, ఓఆర్‌ఎస్ పొట్లాలు తప్పనిసరి.

వర్షాకాలం: అడవి పచ్చదనం, జలపాతాలు కనువిందు చేస్తాయి. అయితే నాచు పట్టిన బండలపై కాలు జారుతుంది. భవనాశిని ఒక్కసారిగా పొంగితే దారి మూసుకుపోతుంది. పట్టున్న పాదరక్షలు, చేతికర్ర, రెయిన్‌కోటు వెంట ఉండాలి. నీరు ఉరకలెత్తుతుంటే వాగు దాటే సాహసం చేయరాదు.

ఏ కాలమైనా టార్చిలైటు దగ్గరుంచుకోవాలి, చీకటి పడకముందే అడవి వీడాలి. కోతుల బెడద ఉన్నందున తినుబండారాలను సంచిలో భద్రపరచాలి. తిరుగు ప్రయాణంలో నంద్యాల సమీపంలోని మహానంది కోనేట్లో స్నానమాచరించదలచినవారు మరో జత దుస్తులు తీసుకెళ్లడం మంచిది.