మూలపడిన కోబాల్టు

పరిశోధనశాలకు రేడియోధార్మిక పదార్థాన్ని అనుమతించే ముందు గది, కవచాలు, సిబ్బంది శిక్షణ పరిశీలిస్తారు. ఆ పదార్థం గదిని ఎలా విడిచి వెళుతుందన్న ప్రశ్న భారతదేశంలో ఆలస్యంగా పదునెక్కింది.

హైదరాబాదు సి.సి.ఎమ్.బి.లో లాల్జీ సింగ్ బృందం 1980లలో డి.ఎన్.ఎ. వేలిముద్రల పద్ధతికి ఫాస్ఫరస్-32ను వాడింది. ఆ ప్రాంగణంలోనే జొనాకి (బెంగాలీలో మిణుగురు) అనే బ్రిట్ ప్రయోగశాల ఏర్పడి, ఫాస్ఫరస్-32తో గుర్తు వేసిన న్యూక్లియోటైడ్లను తయారుచేసింది. ఈ ఐసోటోపు అర్ధాయువు 14.3 రోజులు, ఐదు నెలల లోపే వెయ్యో వంతుకు దిగుతుంది. దాని బీటా కణాలకు సీసం కంటె అక్రిలిక్ పలకే మంచి అడ్డు, సీసం తగిలితే ఎక్స్-కిరణాలు పుడతాయి. ఇక్కడ వ్యర్థాన్ని భద్రంగా దాచి ఉంచితే మిగిలిన పని కాలమే చేస్తుంది.

కోబాల్టు-60 అర్ధాయువు 5.27 ఏళ్లు. ఢిల్లీ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగం 1968లో కెనడా నుంచి కోబాల్టు గల గామా సెల్ యంత్రాన్ని కొన్నది. వికిరణ రక్షణ నియమాలు 1971లో వచ్చాయి. అణుశక్తి నియంత్రణ మండలి 1983 నవంబరు 15న ఏర్పడింది. యంత్రం 1985లో మూలపడింది. రేడియోధార్మిక వ్యర్థాల విసర్జన నియమాలు 1987లో వచ్చాయి. ప్రతి నియమమూ ఆ యంత్రం పక్కనుంచే నడిచిపోయింది.

2010 ఫిబ్రవరిలో దాన్ని పాత ఇనుముగా వేలం వేశారు. మాయాపురి వ్యాపారులు విప్పేశారు. నలభై రెండేళ్లలో ఎనిమిది అర్ధాయువులు గడిచి, మూలశక్తిలో సుమారు 250వ వంతే మిగిలింది. అయినా పలువురు ఆసుపత్రుల పాలయ్యారు, ఒకరు మరణించారు. చర్మం నల్లబడటం, జుట్టు రాలడం చూసిన వైద్యుల అనుమానంతోనే విషయం బయటపడింది తప్ప, ఏ రిజిస్టరూ దాన్ని పట్టివ్వలేదు.

సింగపూరు చట్టం ఈ విషయంలో సూక్ష్మంగా ఆలోచించింది. 1973లోనే వికిరణ రక్షణ చట్టం చేసి, 2007లో దాన్ని కొత్తగా రాసి, అమలును జాతీయ పర్యావరణ సంస్థకు అప్పగించింది. అక్కడ పదార్థాన్ని దగ్గర ఉంచుకునేందుకు ఒక లైసెన్సు, వాడే వ్యక్తికి మరొకటి. బిషాన్‌లో ఉండే పరిశోధకునికి ఇది అనవసరపు కాగితం పనిలా తోచవచ్చును. ఢిల్లీలో వాడేవారు ఎవరూ మిగలలేదు, ఉంచుకున్నవారు మాత్రం ఉన్నారు.

నియంత్రణ మండలి ఆ విశ్వవిద్యాలయానికి రేడియోధార్మిక పదార్థాలు వాడే అనుమతిని నిలిపివేసింది. మాయాపురిలో ఏరిన కోబాల్టును నరోరా అణువిద్యుత్ కేంద్రానికి తరలించారు.