కొండ కథ - నది చరిత్ర

గ్రంథాలకెక్కని చరిత్ర కొంత జనుల నోట నిలిచి ఉంటుంది. ఆఫ్రికా ఖండపు కథాసంప్రదాయం ఇందుకు చక్కని నిదర్శనం. హిజ్రీ 753 (క్రీ.శ. 1352)లో మాలీ రాజ్యానికి వెళ్లిన ఇబ్నె బతూతా దారిలో మహావృక్షాలను చూశాడు. కొన్నింటి తొర్రలలో వాననీరు నిలిచి బావివలె ఉపయోగపడుచుండెను. ఒక తొర్రలో సాలెవాడు మగ్గం పెట్టుకొని నేయుచుండగా చూచి ఆశ్చర్యపోయాడు. అవి బావోబాబ్ చెట్లని చరిత్రకారుల అభిప్రాయం. ఇటువంటి అనుభవజ్ఞానాన్ని తరతరాలకు అందించినది పెద్దల మాటయే. ఆఫ్రికాలో ఒక వృద్ధుడు మరణిస్తే ఒక గ్రంథాలయం దగ్ధమైనట్లేనని మాలీ పండితుడు అమడూ హంపాతే బా 1960లో యునెస్కో సభలో హెచ్చరించాడు.

వికారాబాద్ సమీపాన గల అనంతగిరి కొండలలోనూ అటువంటి మాట ఒకటి నిలిచి ఉన్నది. గుహలో నిద్రించిన ముచుకుందుడు మేల్కొని శ్రీకృష్ణుని పాదాలు కడుగగా ఆ నీరే ముచుకుంద నదియై, కాలక్రమాన మూసీ అయినదని స్థలపురాణం. ఈ కథలోని రాజును చరిత్ర నిరూపించలేదు. కాని నది పుట్టుక కొండలోనని కథ చెప్పిన సంగతి భూగోళశాస్త్రం అంగీకరించినదే. ఆ కొండలలోనే పుట్టిన కాగ్నా తాండూరు మీదుగా పడమటికి సాగి భీమానదిలో కలుస్తుంది. మూసీ తూర్పునకు ప్రవహించి వాడపల్లి వద్ద కృష్ణను చేరుతుంది. భీమ కూడా కృష్ణకు ఉపనదియే. కనుక అనంతగిరి అడవికి కలిగే నష్టం ఇరుదిక్కులా సోకుతుంది. తాండూరు అనగానే నాపరాయి, కంది గుర్తుకు వస్తాయి. అచటి కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. రాతిని తవ్వి తీయవచ్చును. పంటకు మాత్రం నేల, నీరు నిలిచి ఉండాలి.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదులో వేలాదిమందిని బలిగొన్నది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని నగరవాసులు నేటికీ చెప్పుకుంటారు. అటుపిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై నిర్మాణమైన ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది.

ప్రభుత్వ పత్రాలలో వరద లెక్కలు, కట్టల కొలతలు దొరుకుతాయి. ఊట ఎక్కడున్నదో, ఏ వాగు ఎన్నడు ఎండినదో చెప్పగలవారు కొండ దిగువ గ్రామాల వృద్ధులు. చరిత్రకారుడు పత్రాలతోపాటు వారి మాటలనూ సేకరించి, రెంటినీ సరిపోల్చవలసి ఉన్నది. ఆ వృద్ధులు గతించిన పిదప ఈ పని సాధ్యం కాదు.